యాష్ వ్యానులో ముందు సీటు

ఇటలీలోని టొరినోలో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో మా ఊరి దగ్గరి పట్నం యాష్‌లో దిగొచ్చు. మా వ్యానుకైతే ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ ఒక పగలు కావాలి. ఈ సంగతి నాకు చెప్పని మనిషి మా ఊళ్ళో లేడు. కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటే చెబుతారు. ఆదివారం చర్చి మెట్ల దగ్గర చెబుతారు. నడుం పట్టేసిందని వెళితే డాక్టరమ్మ కూడా సూది పొడుస్తూ అదే చెప్పింది. తెలియక తిరుగుతున్నానా? ఇటలీలో ఉన్న మా వాళ్ళకూ ఇక్కడ ఉన్న వాళ్ళ ఇళ్ళకూ మధ్య మూటలు మోసీ మోసీ అరిగిపోయిన నడుం నాది. బండి మాత్రం నాది కాదు, నెకులాయ్ అన్న సొంతం. నేను రెండో డ్రైవర్ని, పేరు త్వాదెర్. ఆయన పడుకుంటే నేను తోలాలి, నేను పడుకుంటే ఆయన తోలాలి. ఇప్పుడు చెప్పబోయేది ఆయన గురించే. మధ్యలో నా గోడు కూడా వస్తే సర్దుకోండి.

నెకులాయ్ అన్న వయసులో ఉండగా, కమ్యూనిస్టుల రోజుల్లో, సామూహిక పొలంలో ట్రాక్టరు తోలేవాడు. తర్వాత ఆ పొలాలు పంచేశారు. ట్రాక్టర్లు తుక్కులోకి పోయాయి, మనుషులు ఇటలీకి పోయారు. ఆయన భార్య అగ్లాయ వదిన కూడా పోయింది. టొరినోలో ముసలివాళ్ళ ఇళ్ళల్లోనే ఉండి వాళ్ళను కనిపెట్టుకుని చూసుకునే పని. మా ఊరి ఆడవాళ్ళలో సగం మంది చేసేది అదే. అన్న తన కూతురు కటింకాను పెట్టుకుని ఏడాది పాటు ఇంట్లో ఉన్నాడు. వంట వచ్చేది కాదు. రోజూ మొక్కజొన్న సంకటి, జున్ను, మళ్ళీ మొక్కజొన్న సంకటి. చివరికి పిల్లను నాయనమ్మకు అప్పగించి ఒక పాత తెల్ల వ్యాను కొన్నాడు.

"సగం ఊరు అక్కడా సగం ఊరు ఇక్కడా ఉంటే, మధ్యలో ఎవడో ఒకడు తిరగాలిగా" అన్నాడు అందరితో.

అసలు కారణం ఏమిటో అందరికీ తెలుసు. గురువారం సాయంత్రం ఇక్కడ బయలుదేరితే శనివారం పొద్దున్నకి టొరినో. వదినకు శనివారం మధ్యాహ్నం దాకా సెలవు ఉండేది. మా వ్యాన్లు ఆగే ఖాళీ స్థలానికి ఆమె నడిచి వచ్చేది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వ్యాను మెట్టు మీద కూర్చుని, అన్న ఊరి నుంచి తెచ్చిన క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం ముద్దలు డబ్బాలోంచే తినేవాళ్ళు. నేను కాస్త దూరంగా సిగరెట్టు కాలుస్తూ నిలబడేవాడిని. ఆ తర్వాత ఆమె ముసలావిడ దగ్గరికి, మేము రోడ్డు మీదికి.

అప్పట్లో మా వ్యానులో సీటు దొరకడం గగనం. జనాన్ని ఒకరి మీద ఒకరిని కుక్కినట్టు కూర్చోబెట్టేవాళ్ళం. స్లొవేనియా దాటేదాకా ఏడుపులు, హంగరీలో పాటలు, మన సరిహద్దు దాటాక చెప్పులు విప్పేసి అరుపులు. నెకులాయ్ అన్న పాడడు, అరవడు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, టైము. "నెకులాయ్ వ్యాను ఆదివారం సాయంత్రం చర్చి గంటలు కొట్టే వేళకి కొట్టు ముందు ఉంటుంది" అని ఊళ్ళో పేరు. ఆ పేరు కోసం నా చేత సూపు కూడా నిలబెట్టే తాగించేవాడు. ఆయన తాగేది మాత్రం ప్లాస్టిక్ సీసాలో పోసి తెచ్చుకున్న చల్లటి కాఫీ.

ఏడాదికి రెండు మూడుసార్లు వదిన సెలవు పెట్టి ఇంటికి వచ్చేది. అప్పుడు డ్రైవరు పక్క సీటు ఆమెది. ఎవరు ఎంత బతిమాలినా అన్న ఆ సీటు ఇచ్చేవాడు కాదు. అదిగో, ఆ ప్రయాణం కోసం ఆయన నెలల తరబడి మాటలు దాచుకునేవాడు. పైకప్పు రేకులు మార్చిన సంగతి, పంది ఈనిన సంగతి, పక్కింటి సఫ్తా పెద్దమ్మ మన గట్టు మీదికి కంచె జరిపిన సంగతి. టొరినో దాటగానే మొదలుపెట్టేవాడు. వదిన "ఊఁ" అనేది. ఇంకో "ఊఁ" అనేది. మూడో "ఊఁ" వచ్చేసరికి తల కిటికీ అద్దానికి ఆనించి నిద్రపోయేది. మామూలు నిద్ర కాదు, నోరు తెరుచుకుని, చేతులు ఒళ్ళో వదిలేసి, వెనక వ్యానంతా పాడుతున్నా కదలని నిద్ర. పెట్రోలు బంకు దగ్గర ఇంజను ఆపితే మాత్రం ఉలిక్కిపడి లేచేది. ఇటాలియన్‌లో ఏదో గొణుగుతూ కాళ్ళతో చెప్పుల కోసం వెతికేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆమె కూడా సిగ్గుపడి నవ్వేది. ఇంజను మళ్ళీ మొదలైతే మళ్ళీ నిద్ర.

"చూశావురా త్వాదెర్?" అనేవాడు అన్న నాతో. "పెళ్ళాన్ని తీసుకెళ్తున్నానో బస్తాని తీసుకెళ్తున్నానో తెలీడం లేదు. బస్తా అయినా నయం, గురక పెట్టదు."

తర్వాత విమానాలు వచ్చాయి. మొదట ఒకళ్ళిద్దరు ఎక్కారు, బతికే దిగారు. దాంతో అందరూ ఎక్కారు. విమానంలో చిన్న సంచికి మించి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి మనుషులు పైన పోయేవాళ్ళు, వాళ్ళ మూటలు కింద మాతో వచ్చేవి. ఊరేసిన క్యాబేజీ, ప్లమ్ పళ్ళ సారా, అక్రోట్లు అటు. కాఫీ, నూనె, సబ్బుపొడి, వాడిన బూట్లు ఇటు. అన్న మా పడకకు ఒక్క సీటు మిగిల్చి వెనక సీట్లన్నీ పీకించి కొట్టంలో పడేశాడు. కోళ్ళు వాటి మీద గుడ్లు పెట్టాయి. బండిలో మనిషి గొంతంటూ ఉంటే ఇక మా ఇద్దరిదే. మా ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

సఫ్తా పెద్దమ్మ కూతురు విమానంలో వచ్చి వెళ్ళాక పెద్దమ్మకు ఒక అనుమానం పట్టుకుంది. కొట్టు ముందు అందరి ఎదుటా అడిగింది.

"ఒరే నెకులాయ్, నువ్వు దారులు తెలిసినోడివి, చెప్పు. మా పిల్ల ఇక్కణ్ణించి పదింటికి ఎక్కి పదకొండున్నరకి అక్కడ దిగింది. వచ్చేటప్పుడేమో అక్కడ పన్నెండింటికి ఎక్కితే ఇక్కడ మూడున్నర అయింది. ఒకటే దూరం కదా, వచ్చేటప్పుడు అన్ని గంటలెందుకురా?"

వాళ్ళ గడియారానికీ మన గడియారానికీ గంట తేడా. ప్రతి వారం సరిహద్దు దగ్గర చేతి వాచీ తిప్పుకునే నెకులాయ్ అన్నకు అది తెలియదా? అయినా మొహం సీరియస్‌గా పెట్టి, "ఇంటికి రావడం ఎత్తు మీదికి రావడం పెద్దమ్మా, విమానం ఆయాసపడుతుంది" అన్నాడు. పెద్దమ్మ నమ్మింది. ఇంటింటికీ తిరిగి చెప్పింది. చాలా రోజుల తర్వాత అన్న నవ్వడం ఆ రోజే చూశాను.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. కటింకా పెద్దదై యాష్‌లో మందుల షాపులో పనికి చేరింది. అమ్మ అంతసేపు ఆ వ్యానులో నలిగిపోవడం చూడలేక ఆమెకు విమానం టికెట్టు కొని పంపింది. మంచి మనసుతోనే చేసింది, ఎవరం ఏమంటాం? ఈస్టరుకు వదిన విమానంలో వచ్చింది. ఎండాకాలంలోనూ విమానంలోనే వచ్చింది. మేము టొరినో నుంచి ఆమె మూట తీసుకుని బయలుదేరేవాళ్ళం. ముందు సీట్లో ఆ మూటే కూర్చునేది. అన్న దానికి బెల్టు కూడా పెట్టాడు. ఏమన్నా అంటే కొట్టేలా ఉన్నాడు.

అప్పట్నుంచి ఆయనకు విమానంతో పంతం మొదలైంది. సూపు తాగడానికి కూడా బండి ఆపేవాడు కాదు. మూత్రానికి ఆపమంటే గడియారం చూసేవాడు. "ఇంటి నుంచి విమానాశ్రయానికి ఎంతసేపు? అక్కడ బెల్టు విప్పి, బూట్లు విప్పి నిలబడేది ఎంతసేపు? అది లెక్కెయ్యరే?" అని స్టీరింగుతో వాదించేవాడు. ఎంత లెక్కేసినా మేము ఇల్లు చేరేసరికి వదిన ఇల్లు ఊడ్చి, పొయ్యి రాజేసి, గుమ్మంలో బంగాళాదుంపలు తరుగుతూ ఉండేది. కళ్ళు ఎర్రగా, చింతనిప్పుల్లా. ఇంట్లో ఉన్న వారం రోజులూ పనే. క్యాబేజీ పీపాలు, వాళ్ళ అమ్మ సమాధి, పైకప్పు కింద తేమ. ఎండాకాలంలో ఒకరోజు నా ముందే అన్న అనేశాడు.

"ఇంత తొందరగా వస్తున్నావు కదే, ఇప్పుడు సుఖంగా ఉందా?"

"ఉందిలే" అంది వదిన, కత్తి ఆపకుండా.

ఆ వారం టొరినో వెళ్తూ ఆయన నాతో అన్న మాట గుర్తుంది. "నాతో కూర్చోడం విసుగొచ్చిందిరా దానికి. ఎప్పుడూ కంచె గొడవే చెప్పేవాడిని కదా. రేపు అక్టోబరు సెలవుకి కూడా విమానమే ఎక్కితే బండి అమ్మేస్తా." ఊరికే అనలేదు. అరవై దాటిన మనిషి. మోకాళ్ళు పనిచేయడం లేదు. వారం వారం టొరినో వెళ్ళడానికి ఆయనకున్న కారణం ఆ ముందు సీటే. అది ఖాళీ అయితే మిగిలేది సబ్బుపొడి.

అక్టోబరు వచ్చింది. టొరినోలో వాన పడుతోంది. శనివారం మధ్యాహ్నం మూటలు ఎక్కిస్తున్నాం. వదిన వచ్చింది. మర్నాటి విమానానికి ఆమెకు టికెట్టు ఉందని మాకు తెలుసు. మూట అన్న చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకెళ్ళి ముందు సీట్లో పెట్టి బెల్టు బిగించాడు. ఆమె వెళ్ళలేదు. తలుపు పట్టుకుని వానలో నిలబడింది.

"ఏమయ్యా, దాన్ని వెనక పడేస్తే నేను కూర్చుంటాను" అంది.

అన్న ఆమె వైపు చూడకుండానే, "ఏం, విమానానికి రెక్కలు ఊడాయా?" అన్నాడు.

"అందులో నిద్ర పట్టట్లేదు."

"ఏంటీ?"

"రెండున్నర గంటలేగా. ఎక్కగానే తిండి బండి తోస్తారు. కళ్ళు మూతపడేలోపే బెల్టు పెట్టుకోమంటారు. దించేస్తారు." ఆమె ముక్కు తుడుచుకుంది. "ముసలావిడకి, ఆ సిన్యోరాకి, చీకటంటే భయమయ్యా. రాత్రంతా పిలుస్తూనే ఉంటుంది. నీళ్ళు కావాలంటుంది, వెళ్తే వద్దంటుంది. పడుకుంటాను, మళ్ళీ పిలుస్తుంది. అంతకుముందు నేను చూసుకున్న ముసలాయన దగ్గుతో లేపేవాడు. ఆయన ముందు ఇంకొకావిడ. ఇంటికొస్తే ఇంట్లో పని. ఇన్నేళ్ళూ నేను కడుపునిండా నిద్రపోయింది నీ బండిలోనే. ఇక్కడ నన్నెవ్వరూ పిలవరు."

అన్న చేయి బెల్టు మీదే ఉండిపోయింది. బెల్టు విప్పి మూట వెనక పడేయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నేను వాన వైపు తిరిగి నిలబడ్డాను.

"మరి చెప్పొచ్చుగా" అన్నాడు చివరికి.

"నువ్వేమో ఎన్నో కబుర్లు దాచుకుని వస్తావు. నిద్ర కోసం వస్తున్నానని ఏం చెప్పను?"

"ఎక్కు" అన్నాడు. "తడిసిపోతున్నావు, ఎక్కు."

ఆమె కూతురికి ఫోన్ చేసి చెప్పింది. అటు నుంచి కటింకా కేకలు నాకే వినపడ్డాయి. ఫోన్ పెట్టేసింది, సీట్లో కూర్చుంది, టొరినో చివరి ఇళ్ళు దాటకముందే తల వాల్చేసింది. అన్న తన కోటు మడిచి అద్దానికీ ఆమె తలకీ మధ్య పెట్టాడు. పైకప్పు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

అంత మెల్లగా సాగిన ప్రయాణం నా జన్మలో లేదు. రేడియో ఆపేశాడు. లారీలు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోతుంటే దారి ఇచ్చాడు. నేను ఆకలేసి బిస్కెట్టు పొట్లం విప్పబోతే ఆ కాగితం చప్పుడుకు నా వైపు చూసిన చూపు ఉంది చూడండి, పొట్లం తిరిగి జేబులో పెట్టేశాను. తోలడానికి నా వంతు వచ్చినా ఇవ్వలేదు. "నువ్వు బ్రేకు గట్టిగా తొక్కుతావు" అన్నాడు.

హంగరీలో డీజిల్ పోయించక తప్పలేదు. ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దం చెవిన పడీ పడగానే వదిన ఉలిక్కిపడి లేచింది. కళ్ళు ఇంకా తెరవలేదు, కాళ్ళు మాత్రం చెప్పుల కోసం వెతుకుతున్నాయి. "వస్తున్నా సిన్యోరా, వస్తున్నా" అంది ఇటాలియన్‌లో. ఇన్నేళ్ళూ మేము నవ్విన మాట అదే. ఈసారి ఎవరూ నవ్వలేదు. అన్న ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఎవరూ పిలవలేదే, పడుకో" అన్నాడు. ఆమె పడుకుంది. ఆయన కిందికి దిగి డీజిల్ పంపు పక్కన నిలబడి మొహం రుద్దుకున్నాడు. మొహం తడిగా ఉంది. అక్కడ వాన లేదు.

అప్పటికింకా సరిహద్దులో గుర్తింపు కార్డులు చూసేవారు. తెల్లారుతుండగా అక్కడికి చేరాం. అధికారి వదిన కార్డు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఆమెను లేపండి."

"ఇంజను ఆపమనకండి సార్, లేపమనకండి. చూడండి, అదే మొహం" అన్నాడు అన్న గుసగుసగా.

"ఫొటోలో కళ్ళు తెరిచి ఉన్నాయి."

"అది పాత ఫొటో సార్. అప్పట్లో తెరిచే ఉండేవి."

అధికారి కార్డు చూశాడు, వదిన తెరిచిన నోరు చూశాడు, మా ఇద్దరి మొహాలు చూశాడు. ఏమనుకున్నాడో కార్డు తిరిగి ఇచ్చి, తనూ గుసగుసగానే "వెళ్ళండి" అన్నాడు. ఎప్పుడూ అక్కడ వాచీ గంట ముందుకు తిప్పుకునే అన్న ఆ రోజు తిప్పలేదు. గుర్తు చేశాను. "ఉండనీరా, ఆ గంట కూడా దాన్ని పడుకోనీ" అన్నాడు.

బికాజ్ కొండదారి మలుపుల్లో గుర్రబ్బండి కూడా మమ్మల్ని దాటింది. ఫోన్లు మొదలయ్యాయి. నా బూట్లేవి, నా కాఫీ ఏది, నెకులాయ్ టైము ఏమైంది అని. చర్చి గంటలు ఎప్పుడో కొట్టేశారు. మేము కొట్టు ముందుకు చేరేసరికి బాగా చీకటి పడింది. జనం చలిలో చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. అన్న ఇంజను ఆపలేదు, అలాగే డుగడుగమంటూ ఉంచాడు. సఫ్తా పెద్దమ్మ కిటికీ మీద అరచేత్తో కొట్టింది.

"ఒరే నెకులాయ్! విమానం అయితే ఈపాటికి నాలుగుసార్లు..."

ఆయన నోటి మీద వేలు పెట్టుకుని ముందు సీటు చూపించాడు. పెద్దమ్మ అద్దానికి మొహం ఆనించి చూసింది. ఆమె కూతురు చేసేదీ అదే పని. ఆమె వెనక్కి తిరిగి అందరినీ కసిరింది.

"గొంతులు తగ్గించండి. అగ్లాయ పడుకుంది."

నేను వెనక తలుపు మెల్లగా తీశాను. మా ఊరి వాళ్ళు, పెళ్ళిళ్ళలో కూడా గొంతు చించుకుని మాట్లాడే వాళ్ళు, ఒక్కొక్కరే వేళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి మూటలు తీసుకెళ్ళారు. నూనె డబ్బా ఒకటి జారబోతే ముగ్గురు పట్టుకున్నారు. నా నడుం ఎలా ఉందని మాత్రం ఒక్కడూ అడగలేదు.

బండి ఖాళీ అయింది. అన్న ఇల్లు చర్చి అవతల, నీలం గేటు ఇల్లు. అక్కడికి చేరాక వేగం తగ్గించాడు. గేటు చూశాడు. ఇంజను తాళం మీద చెయ్యి పెట్టాడు, తీసేశాడు. బండి మెల్లగా ముందుకు పోయింది.

"అన్నా, ఇల్లు దాటిపోయాం" అన్నాను.

"చూశాను."

అప్పుడే ఆయన జేబులో ఫోన్ వణికింది. కటింకా. ఆయన చెవికి బాగా ఆనించుకున్నాడు. అయినా పిల్ల గొంతు నాకు వినపడుతూనే ఉంది.

"నాన్నా, ఎక్కడున్నారు మీరు? అమ్మ ఇల్లు చేరిందా?"

"ఇంకా లేదమ్మా. దారిలోనే ఉంది."

"ఇంకానా? రెండున్నర గంటల దూరం నాన్నా!"

"తెలుసమ్మా" అని ఫోన్ ఆపేశాడు.

వదిన కదల్లేదు. ఆయన ఒక చేత్తో జారిన కోటు సర్ది, ప్రూత్ నది వైపు వెళ్ళే రోడ్డెక్కాడు. ఆ రోడ్డు కొత్తగా వేశారు, గుంటలు లేవు.